తోట మధ్యలో ఆగిపోయిన పాత గాలిమరను మళ్ళీ నిలబెట్టడం ఎలా?

రాజోలు కొబ్బరితోట

అందరికీ నమస్కారం. మా తోట రాజోలుకు దక్షిణాన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక మేట మీద ఉంది. 1980లలో మా తాతగారు ప్రభుత్వ రాయితీతో పెట్టించిన గాలిమర ఇప్పటికీ తోట మధ్యలో నిలబడే ఉంది గాని, చాలా ఏళ్ళుగా తిరగడం లేదు. చక్రానికి 12 రెక్కలు ఉన్నాయి, అడ్డకొలత 5 మీటర్లు. టవరుకు నాలుగు కాళ్ళు, ఎత్తు 10 మీటర్లు. తల భాగంలో గేరుపెట్టె లేదు. ఇరుసు చివర, తిరుగుడును పైకీ కిందికీ కదలికగా మార్చే క్రాంకు నుంచి పంపు రాడ్డు నేరుగా బోరులోకి దిగుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపానులో మూడు రెక్కలు ఊడిపోతే తాతగారు రేకుతో కొత్తవి చేయించారు, టవరు మాత్రం ఆ రాత్రి చెక్కుచెదరలేదు.

ఇప్పుడు కాళ్ళ అడుగుభాగం తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతోంది, తోక కీలు కదలడం లేదు, బోరు ఇసుకతో పూడిపోయింది. దీనిని పాత ఇనుముకు అమ్మేయమని బంధువులు అంటున్నారు. నాకు మాత్రం దీనిని దించి, బాగుచేయించి, మళ్ళీ నీళ్ళు పోయించాలని గట్టిగా ఉంది. పని ఎక్కడ మొదలుపెట్టాలో, పునాది ఎలా వేయాలో, పాత చోటనే నిలబెట్టవచ్చో లేదో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

రామచంద్రపురం లేతు

మీరు చెప్పిన కొలతలను బట్టి అది 12 పీయూ 500 అనే నమూనాకు చెందినది కావచ్చు. 12 అంటే రెక్కలు, 500 అంటే సెంటీమీటర్లలో చక్రం అడ్డకొలత. 1980ల ప్రభుత్వ కార్యక్రమంలో దేశంలో చాలాచోట్ల పెట్టిన నమూనా అది. అమెరికాలో 1888లో మొదలైన ఏర్మోటర్ వంటి కంపెనీల గాలిమరల్లో చక్రం సుమారు మూడు చుట్లు తిరిగితే రాడ్డు ఒకసారి లేచేలా పళ్ళ చక్రాలు ఉంటాయి, 1915 తరువాత వాటిని నూనె తొట్టిలో మునిగి ఉండేలా చేశారు. మీ దానిలో అవేవీ లేవు కనుక ఊళ్ళో లేతు మిషను మీద చేయలేని భాగం దాదాపు ఏదీ ఉండదు. పాత ఇనుముకు అమ్మవలసిన వస్తువు కాదది.

అయితే ఒక విషయం ముందుగా చెప్పాలి. తోక కీలు బిగుసుకుపోయిందని మీరు మామూలుగా రాశారు గాని, అన్నిటికంటే ప్రమాదం దానిలోనే ఉంది. గాలి హద్దు మీరినప్పుడు చక్రం పక్కకు తిరిగి, గాలికి అంచు మాత్రమే చూపేలా చేసేది ఆ కీలే. అది పనిచేయని గాలిమర పెద్ద గాలిలో ఆగకుండా వేగం పెంచుకుంటూ పోయి, రెక్కలు విసిరేస్తుంది. కనుక ఎవరూ పైకి ఎక్కకముందే చక్రాన్ని మోకుతో టవరుకు రెండు చోట్ల కట్టివేయండి. కాళ్ళ తుప్పు ఎంత లోతుకు పోయిందో సుత్తితో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అడుగు కాళ్ళ మీద నమ్మకం కుదరకపోతే మనిషిని ఎక్కించవద్దు, క్రేనుతో పట్టి ఉంచి దించండి.

దించే ముందు ప్రతి రెక్కకూ, ప్రతి ఏంగిల్ ముక్కకూ పంచుతో గుర్తు కొట్టండి. రంగుతో రాసిన అంకెలు తుప్పు గోకినప్పుడు పోతాయి. ఇరుసు బేరింగులు కొత్తవి వేయవలసిందే. క్రాంకు పిన్ను గుండ్రం తప్పి అరిగి ఉంటే లేతు మీద సరిచేసి, దానికి తగిన గన్ మెటల్ బుష్షు పోయించాలి. తుపాను తరువాత వేసిన మూడు రెక్కల రేకు మందం, బరువు మిగిలినవాటితో సమానంగా ఉన్నాయో లేదో తూచి చూడండి. చక్రాన్ని నేల మీదే ఇరుసుకు ఎక్కించి చేత్తో తిప్పితే, ప్రతిసారీ ఒకే రెక్క కిందికి వచ్చి ఆగిందంటే బరువు సరిపోలేదన్న మాట.

సముద్రపు గాలి తగిలే చోట రెడ్ ఆక్సైడు, దాని మీద ఎనామిల్ రంగు ఎన్నాళ్ళో నిలబడవు. వెల్డింగు, రంధ్రాల పని అంతా ముగిశాక, కరిగిన జింకులో ముంచే పూత వేయించండి. ఆ తొట్టె 450 డిగ్రీల దగ్గర ఉంటుంది, పొడవుకు హద్దు ఉంటుంది, కాబట్టి ముక్కలు ఎంత పొడవున్నాయో ముందే చెప్పి అడగాలి. జింకు పూత మీద తరువాత వెల్డింగు చేయవద్దు. ఆ పొగ పీల్చినవారికి ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది.

పెనుగొండ సేద్యం

నిరుత్సాహపరచాలని కాదు గాని అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉంది. ఒక చిన్న మోటారు గంటలో తోడే నీటిని గాలిమర రోజంతా కష్టపడి తోడుతుంది. ఇంత ఖర్చు దేనికి?

భూగర్భ జలం

పెనుగొండ వారి పొలాలకు ఆ ప్రశ్న సరైనదే. రాజోలు వారి ఇసుక మేటకు మాత్రం దాని సమాధానం వేరు. తీరం వెంట ఉన్న ఇసుక మేటల కింద వాన నీరు ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ పలుచని పొరగా నిలుస్తుంది. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఉంటే, మట్టానికి కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరు నిలుస్తుందని గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వందేళ్ళకు పూర్వమే వేర్వేరుగా లెక్క కట్టారు. ఆ లెక్క వెనక్కి కూడా పనిచేస్తుంది. బోరు దగ్గర నీటిమట్టాన్ని ఒక అడుగు దించి అలాగే ఉంచితే, కింది ఉప్పునీరు దానికి ఎన్నో రెట్లు పైకి ఉబుకుతుంది. మోటారు చేసే పని సరిగ్గా ఇదే: కరెంటు ఉన్న గంటలలో ఒక్కచోటి నుంచి జోరుగా లాగుతుంది, బోరు చుట్టూ మట్టం గుంటలా దిగిపోతుంది, ఏళ్ళ తరబడి తియ్యగా ఉన్న బోరు ఒక వేసవిలో చప్పబడి, మరుసటి వేసవికి ఉప్పెక్కుతుంది.

గాలిమర నెమ్మదిగా తోడుతుంది, మట్టం దాదాపు కదలదు, పైపొర నీరే వస్తుంది. ఇసుక మేట మీద ఆ నెమ్మదే దాని గొప్పతనం. మోటారు పెట్టినా చిన్నది పెట్టి రోజుకు కాసేపు ఆన్ చేస్తే సరిపోతుందని వాదించవచ్చు. ఉచితంగా వచ్చే కరెంటును అంత పొదుపుగా వాడే రైతును నేను అరుదుగా చూశాను. పైగా తుపాను వెళ్ళాక స్తంభాలు లేచి కరెంటు వచ్చేదాకా పశువులకు నీరు ఎక్కడిదన్న ప్రశ్న కూడా ఉంది.

పాత బోరును మళ్ళీ తవ్వించేటప్పుడు లోతు పెంచవద్దు. లోతుకు పోతే నీరు ఎక్కువ వస్తుందన్న అలవాటు మెట్ట ప్రాంతానిది, ఇక్కడ లోతుకు పోవడమంటే ఉప్పుకు దగ్గర కావడమే. ముందుగా ఒక సన్నని ఫిల్టర్ పాయింటు (అడుగున జల్లెడ ఉన్న గొట్టపు బోరు) దించి, లోతు పెరిగేకొద్దీ నీటి నమూనా తీసి లవణాలు కొలిపించండి. తాగునీటి ప్రమాణంలో లీటరుకు 500 మిల్లీగ్రాములు కోరదగిన హద్దు, వేరే దారి లేనప్పుడు 2,000 వరకు అనుమతి. కొబ్బరి అంతకంటే ఎక్కువ ఉప్పును తట్టుకుంటుంది గాని, పశువులూ మనుషులూ తాగే నీరయితే ఈ అంకెలు గుర్తుంచుకోండి.

నరసాపురం గట్టు

మరమ్మతు సంగతికి ముందు నాకొక సందేహం. మీ కొబ్బరిచెట్ల ఎత్తు ఎంత? గాలిమర నిజంగా ఏ భాగమైనా విరిగి ఆగిందా, లేక తిరగడం తగ్గుతూ తగ్గుతూ ఆగిందా? తుపాను తరువాత కొన్నేళ్ళు అది ఎలా పనిచేసిందో మీ ఇంట్లో పెద్దవారిని అడగగలరా?

రాజోలు కొబ్బరితోట

నరసాపురం గట్టు గారు, మీరు అడిగాక మా నాన్నగారిని అడిగాను. తుపానులో తోటలో సగానికి పైగా చెట్లు కూలిపోయాయి. రెక్కలు మార్చాక ఆ తరువాతి వేసవులలో గాలిమర అంతకు ముందెన్నడూ లేనంత నీరు పోసిందట. ఆ నీటితోనే కొత్త మొక్కలు నాటి పెంచారు. తరువాత తిరగడం క్రమంగా మందగించింది. నూనె వేసి చూశారు, వాషర్లు మార్చి చూశారు, ప్రయోజనం కనబడక వదిలేశారు. ఇప్పుడు ఆ చెట్లు 15 మీటర్లు దాటాయి.

నరసాపురం గట్టు

అయితే మీ గాలిమర చెడిపోలేదు, తోట దానిని మించి పెరిగింది. 10 మీటర్ల టవరు మీద ఉన్న చక్రం 15 మీటర్ల చెట్ల మధ్య నిలబడితే దానికి అందేది గాలి కాదు, చెట్లు వదిలేసిన సుడులు. గాలిలోని శక్తి వేగానికి ఘనంగా మారుతుంది; వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతు అవుతుంది. కొత్త బేరింగులు వేసి, జింకు పూత పూసి మళ్ళీ అక్కడే నిలబెడితే తళతళలాడుతూ ఊరికే నిలబడుతుంది.

పాత నియమం ఏమిటంటే, 120 మీటర్ల లోపల ఉన్న చెట్టూ ఇల్లూ అన్నిటికంటే చక్రం కనీసం 4.5 మీటర్లు పైన ఉండాలి. మీ తోటలో అలా కావాలంటే 20 మీటర్లకు పైబడిన టవరు కావాలి, అది మీ పాత టవరు కాదు, దాని పునాది ఖర్చు కూడా వేరు. కనుక చోటు మార్చడమే మార్గం. మీ తోటకు నైరుతి వైపు ఏముంది?

రాజోలు కొబ్బరితోట

నైరుతిన మా వరిచేను, దానికి అవతల ఇతరుల చేలు. దక్షిణాన కొంత దూరంలో సరుగుడు తోట ఉంది, మధ్యలో ఖాళీ బాగానే ఉంది.

నరసాపురం గట్టు

వరిచేను అంచు మంచి చోటు. మార్చి నుంచి గాలి దక్షిణం నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి దానికి తోడవుతుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలై కాలువలు కట్టేసే రోజులూ, కొబ్బరికి నీరు తప్పనిసరి అయ్యే రోజులూ అవే. ఈశాన్యపు గాలి కాలంలో మీ తోటే చక్రానికి అడ్డం వస్తుంది గాని, అప్పుడు వాన తడి ఉంటుంది కనుక నష్టం లేదు. కొబ్బరి వరుసకు రెండు చెట్ల ఎత్తంత దూరం వదిలి నిలబెట్టండి. సరుగుడు తోట మాత్రం గమనిస్తూ ఉండాలి, నాలుగైదేళ్ళలో అది ఎంత ఎత్తు లేస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

భూగర్భ జలం

ఒక్క మాట. మోటారును ఎక్కడైనా పెట్టి తీగ లాగవచ్చు. గాలిమర మాత్రం బోరుకు సరిగ్గా పైనే ఉండాలి. గాలి బాగున్న చోట నీరు కూడా బాగుండాలి. చేను అంచున ఇసుక మేట పలుచబడి నల్లమట్టి మొదలయ్యే అవకాశం ఉంది కనుక, పునాది తవ్వే ముందే ఫిల్టర్ పాయింటు పరీక్ష అక్కడ చేయించండి.

కట్టడాల లెక్క

చోటు మారింది కనుక పునాది కొత్తగా వేయాలి. ఇది తొందరపడవలసిన భాగం కాదు. మన తీరానికి భారతీయ ప్రమాణంలో ఇచ్చిన మూల గాలి వేగం (కట్టడాల లెక్కకు తీసుకోవలసిన పెనుగాలి వేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగ వర్గానికి 0.6 రెట్లు, అంటే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువు. మీ 12 రెక్కల రేకు మొత్తం 6 చదరపు మీటర్లు అనుకుందాం. తోక కీలు పనిచేయక చక్రం గాలికి ఎదురుగానే ఉండిపోయిందన్న చెడ్డ సందర్భాన్ని లెక్కకు తీసుకుని, వస్తువు ఆకారాన్ని బట్టి తోపును సరిచేసే ఆకృతి గుణకం 1.5 వేస్తే తోపు సుమారు 1,400 కిలోలు. అది 10 మీటర్ల ఎత్తున పనిచేస్తుంది. టవరు మీద పడే గాలిని కూడా కలుపుకునేందుకు 12 మీటర్లని వేద్దాం. కాళ్ళ మధ్య దూరం 2.5 మీటర్లయితే గాలివైపు ఉన్న ఒక్కొక్క కాలును 3 టన్నులకు పైగా బరువు పైకి పెరుకుతుంది.

మెట్ట ప్రాంతంలో దీనికి సమాధానం సులువు, బరువైన కాంక్రీటు దిమ్మ వేస్తే చాలు. మన దగ్గర మాత్రం వానాకాలంలో నీటిమట్టం నేలదాకా వస్తుంది, తుపాను కూడా అప్పుడే వస్తుంది. నీటిలో మునిగిన కాంక్రీటు ఘనపు మీటరు 2.4 టన్నులు తూగదు, 1.4 టన్నులే తూగుతుంది. చాలామంది మేస్త్రీలు పునాది దిమ్మ బరువు మాత్రమే చూసి, నీరు దానిని ఎత్తిపడుతుందన్న సంగతి వదిలేస్తారు. కాబట్టి నిలువు దిమ్మకు బదులు, అడుగున వెడల్పాటి పలక వేసి, దాని మీది మట్టి బరువును కూడా వాడుకోవాలి. ఒక్కొక్క కాలికి 1.7 మీటర్ల చదరం, 40 సెంటీమీటర్ల మందం ఉన్న పలకను 1.6 మీటర్ల లోతున వేస్తే, కాంక్రీటు నీటిలో 1.6 టన్నులు, పైన దిమ్మిసతో గట్టిగా కూరిన తడి మట్టి సుమారు 2.8 టన్నులు వస్తాయి. ఇది మోటు లెక్క. మీ టవరు కొలతలతో దగ్గరలోని ఇంజనీరు చేత సరిచూపించుకోండి. ఏంకర్ బోల్టులు కాంక్రీటులో పలకదాకా దిగాలి, పైపైన పొదిగితే పలక కిందే ఉండి బోల్టు పైకి వస్తుంది. నాలుగు దిమ్మలూ ఒకే మట్టంలో ఉండేలా నీటి గొట్టంతో మట్టం చూసుకోండి. ఇక్కడ తేడా వస్తే పంపు రాడ్డు బోరు నడిమికి దిగదు, గొట్టాన్ని రాసుకుని అరుగుతుంది.

తాళ్ళరేవు పడవల పని

నిలబెట్టడం గురించి నేను రాస్తాను. చేలలోకి క్రేను తేవడం వానలకు ముందు సాధ్యమే గాని, గట్టు మెత్తగా ఉంటే చక్రాలు దిగబడతాయి. మేము పడవల మీద తెరచాప కొయ్యలు ఎత్తిన పద్ధతిలోనే దీనినీ ఎత్తవచ్చు. టవరును నేల మీద పడుకోబెట్టి, రెండు కాళ్ళను పునాది బోల్టుల దగ్గర కీలుతో బిగించండి. ఆ కీళ్ళ దగ్గరే, టవరు పొడవులో సగానికి తగ్గని గట్టి గడను నిలబెట్టి, దాని తల మీదుగా వైరు మోకు టవరు పైభాగానికి కట్టి, అవతలి నుంచి చేతి వించితో లాగాలి. అన్నిటికంటే ఎక్కువ లాగుడు పడేది టవరు నేలను వదిలే క్షణంలో. అది మోకాలెత్తు లేచాక ఆపి, ప్రతి ముడీ ప్రతి బోల్టూ చూసుకోవాలి. నిలువుకు దగ్గర పడ్డాక ప్రమాదం మారుతుంది: ఇక లాగవలసిన పని లేకుండానే అది అటువైపు ఒరిగిపోవాలని చూస్తుంది. అందుకే మొదటి నుంచీ వెనుక ఒక మోకు, పక్కలకు ఒక్కొక్క మోకు వేర్వేరు మేకులకు చుట్టి, మనుషులు వదులుతూ ఉండాలి. వెనుక మోకు లేకుండా ఎత్తవద్దు.

చక్రాన్నీ తోకనూ టవరు నిలిచి బోల్టులు బిగిశాకనే, కప్పీతో ముక్కలుగా పైకి పంపండి. పని తెల్లవారుజామున మొదలుపెట్టి సముద్రపు గాలి లేవకముందే ముగించండి. ఆదేశాలు ఇచ్చే గొంతు ఒక్కటే ఉండాలి; మా రేవులో ఎంత పెద్ద పడవనైనా ఒక్కరి కేకతోనే కదిలిస్తారు.

ఆ కీళ్ళను తరువాత తీసివేయకుండా ఉంచితే, తుపాను కబురు రాగానే టవరును తిరిగి పడుకోబెట్టుకోవచ్చని నా అభిప్రాయం.

కట్టడాల లెక్క

ఆ చివరి మాటతో నేను ఏకీభవించలేను. వాతావరణ శాఖ తుపాను అప్రమత్తత 48 గంటల ముందు, హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. ఆ సమయంలో ఊళ్ళో మనుషులందరూ ధాన్యం, పశువులు, ఇంటి కప్పు చూసుకుంటూ ఉంటారు. మోకులు పట్టే బృందం దొరకదు. సగం దించాక గాలి లేచిందంటే నిలబడిన టవరు కంటే వేలాడే టవరు ఘోరం. చక్రాన్ని పక్కకు తిప్పి కట్టివేయడం ఇద్దరి పని, వీలైతే రెక్కలు విప్పి దించడం పూట పని. టవరును పునాదికి వదిలేయండి.

రామచంద్రపురం లేతు

నాదీ అదే అభిప్రాయం. రెక్కలు ఒక్కొక్కటీ రెండేసి బోల్టులతో విడివడేలా బిగిస్తాను, పైన నిలబడేందుకు చుట్టూ కమ్మీ ఉన్న చిన్న వేదిక కూడా చేయించుకోండి. టవరు అడుగు కీలు మాత్రం మరమ్మతుకు పనికివస్తుంది, ఉండనివ్వండి.

ఇక పంపు. ఎక్కువ నీరు కావాలని 150 మిల్లీమీటర్ల అడ్డకొలత గల సిలిండరు వేయాలని అనిపిస్తుంది, దయచేసి వేయవద్దు. నీరు ఎత్తవలసినది మొత్తం 6 మీటర్లనుకుంటే, ఆ సిలిండరులో పిస్టను మీద నిలిచే నీటి బరువు 106 కిలోలు. 100 మిల్లీమీటర్లదైతే 47 కిలోలు. గేరు లేని గాలిమరకు ఆగిన చోటు నుంచి కదలడమే కష్టం. పిస్టను పైకి లేచేటప్పుడే బరువంతా పడుతుంది కనుక, తిరుగుతున్నప్పుడు కావలసిన సగటు బలానికి మూడు రెట్లకు పైగా మొదటి ఎత్తుకు కావాలి. పిస్టనులో చిన్న రంధ్రం ఒకటి వదిలితే, చక్రం మెల్లగా కదిలేటప్పుడు నీరు ఆ రంధ్రం గుండా జారి బరువు తగ్గుతుంది. వేగం అందుకున్నాక జారే నీరు లెక్కలోకి రాదు. తోలు బకెట్ వాషర్లు వేసే ముందు నూనెలో నానబెట్టండి.

రాజోలు కొబ్బరితోట

మీ లెక్క ప్రకారం నీరు ఎంత వస్తుంది?

రామచంద్రపురం లేతు

సెకనుకు 4 మీటర్ల గాలిలో ఆ చక్రం నిమిషానికి సుమారు 27 చుట్లు తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల సిలిండరులో పిస్టను 100 మిల్లీమీటర్ల ఎత్తు లేస్తే చుట్టుకు ముప్పావు లీటరుకు కాస్త పైన. గంటకు 1,200 లీటర్ల దరిదాపు. ఎకరానికి 70 కొబ్బరిచెట్లు, చెట్టుకు రోజుకు 50 లీటర్లు అనుకుంటే 3,500 లీటర్లు. వేసవి మధ్యాహ్నపు గాలి ఆరు గంటలు వీస్తే అదొక్కటే రెండు ఎకరాలకు సరిపోతుంది, తొట్టె కట్టి రాత్రి గాలి నీటినీ నిలుపుకుంటే ఇంకా మంచిది. వరికి మాత్రం ఆశించకండి. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు చొప్పున చూసినా ఎకరం వరికి 20,000 లీటర్లు కావాలి.

పెనుగొండ సేద్యం

నా ప్రశ్నకు సమాధానం దొరికింది. మా వైపు నల్లరేగడిలో దీని అవసరం లేదు గాని, మీ మేట మీద ఉంది. తొట్టెను ఎత్తుగా కట్టవద్దని మాత్రం చెబుతాను. ఎత్తే ప్రతి అడుగూ పిస్టను మీదే పడుతుంది.

రాజోలు కొబ్బరితోట

అందరికీ ధన్యవాదాలు. మా నాన్నగారితో కూర్చుని ఇవన్నీ చదివి వినిపించాను. ముందుగా చేను అంచున ఫిల్టర్ పాయింటు దించి నీరు పరీక్ష చేయిస్తాము. తీపి నీరు దొరికితేనే గాలిమరను విప్పుతాము. దాళ్వా కోతలయ్యాక చేలు గట్టిపడగానే పునాది, కాంక్రీటు పదునెక్కాక టవరు. తొట్టె నేలకు రెండడుగులే ఎత్తు. తాళ్ళరేవు వారూ, మోకులు పట్టే మనుషులను మీ వైపు నుంచి పంపించగలరా? రాకపోకలు, భోజనాలు మావి.

తాళ్ళరేవు పడవల పని

తప్పకుండా. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది, మావాళ్ళు ఆ రోజుల్లో ఖాళీగానే ఉంటారు. గడకు మీ చెట్టు కొట్టవద్దు. మా దగ్గర పాత తెరచాప కొయ్యలు ఉన్నాయి. టవరు మొత్తం బరువూ, కాళ్ళ మధ్య కొలతా పంపండి, వైరు మోకు మందం దానిని బట్టి చూస్తాను.